అంగడి నేర్పు గుణములు



మనుష్యుని స్వభావమును దిద్దునది ఏది అని అడిగినయెడల మనము వెంటనే తల్లిదండ్రులు, బడి, గుడి అని చెప్పుదుము. ఈ మూడింటి సరసన నేడు నాలుగవది ఒకటి వచ్చి కూర్చున్నది. అది అంగడి. అంగడి యనగా కిరాణా కొట్టు మాత్రమే కాదు. ప్రతి వస్తువునకును ప్రతి పనికిని ఒక వెల యుండుట, కొనువాడును అమ్మువాడును తమ తమ లాభమును చూచుకొని ఎవరి బలవంతమును లేక బేరము కుదుర్చుకొనుట, ఆ వెలను పోటీయే నిర్ణయించుట, ఇదంతయు కలిసి అంగడి. దీనినే ఆర్థిక శాస్త్రజ్ఞులు స్వేచ్ఛా విపణి యందురు. దీనివలన దేశమునకు ఐశ్వర్యము కలుగునా లేదా అను సంగతిని వారు చర్చింతురు గాక. మనము అడుగవలసిన ప్రశ్న వేరు. దినమెల్ల ఈ పద్ధతిలో మెలగు మనిషి ఎట్టి మనిషిగా తయారగుచున్నాడు? పగలంతయు బేరములో గడిపినవాడు సాయంకాలము ఇల్లు చేరునప్పుడు సంతను వాకిటనే విడిచి వచ్చుచున్నాడా, లేక భుజముమీద మోసికొని లోపలికి తెచ్చుచున్నాడా?

ఒక కూడలిలో రెండు లోకములు

ఈ ప్రశ్నను కంటితో చూడదలచినవారికి హైదరాబాదులో తార్నాక కూడలి మంచి తావు. అక్కడ ఒక ప్రక్క ఉస్మానియా విశ్వవిద్యాలయము. అది 1918లో నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను కాలమున స్థాపింపబడెను. దేశభాషలలో ఒకటైన ఉర్దూలో పై చదువులు చెప్పుటకు సాహసించిన విద్యాలయము అది. 1939లో తెరువబడిన ఆర్ట్స్ కాలేజి భవనమును చూడని తెలుగు విద్యార్థి అరుదు. ఆ ప్రక్కనే ఉప్పల్ వైపు పోవు దారిలో, 1944లో ప్రారంభమై నేడు భారత రసాయన సాంకేతిక సంస్థయని పిలువబడు పరిశోధనాలయము కలదు. జాతీయ పోషకాహార సంస్థ కూనూరు నుండి 1958లో ఇక్కడికి తరలి వచ్చెను. ఆ తరువాత భూభౌతిక పరిశోధన సంస్థయు, జీవకణముల పరిశోధన సంస్థయు వెలసెను. వీటిలో ఏ ఒక్కటియు లాభమునకు కట్టబడినది కాదు. ప్రజల సొమ్ముతో ప్రజల కొరకు కట్టబడినవి.

పోషకాహార సంస్థలోని శాస్త్రజ్ఞులు ఒకప్పుడు పెల్లగ్రా అను రోగముమీద శ్రమపడిరి. అది దక్కను పీఠభూమిలో ముఖ్యముగా జొన్నన్నమే ఆధారముగా బ్రదుకు పేదలకు వచ్చుచుండెడి రోగము. చర్మము నల్లబడి పగులును, బుద్ధియు కలత చెందును. ఆ రోగులయొద్ద మందు కొనుటకు డబ్బు లేదు. డబ్బు లేనివాని రోగమును గూర్చి అంగడికి చింత యుండదు. ఎవరో ఒకరు లాభము చూడక చింతింపవలెను. ఆ చింత తార్నాకలో చేయబడెను.

కూడలికి రెండవ ప్రక్క మరియొక లోకము. 1991వ సంవత్సరమున మన దేశము విదేశములకు చెల్లింపవలసిన అప్పులకు డబ్బు చాలక, సుమారు 47 టన్నుల బంగారమును పరదేశపు బ్యాంకులలో కుదువ పెట్టవలసి వచ్చెను. కరీంనగరు ప్రాంతపు వంగర గ్రామమునకు చెందిన మన పి.వి. నరసింహారావుగారు అప్పుడు ప్రధానమంత్రి. ఆర్థికమంత్రి మన్మోహన్ సింగుగారు. ఆ జూలై మాసములోనే రూపాయి విలువ తగ్గింపబడెను. అనేక పరిశ్రమలకు లైసెన్సుల నిబంధన తీసివేయబడెను. ఆ తరువాతి ముప్పది యేండ్లలో హైదరాబాదు ఎట్లు మారినదో చెప్పనక్కరలేదు. 2017 నవంబరులో మెట్రో రైలు తార్నాక మీదుగా పరుగెత్తెను. దాని క్రింద రోడ్డుకు ఇరువైపుల కోచింగు ప్రకటనలు, గదులు అద్దెకు ఇయ్యబడును అను బోర్డులు, విదేశీ చదువుల కన్సల్టెన్సీలు, అప్పులిచ్చు కార్యాలయములు నిండియున్నవి. మన పల్లెలనుండి పోయిన బిడ్డ ఈ రెండు లోకముల మధ్య నడుచుచు పెద్దవాడగుచున్నాడు. ఏ ప్రక్కన అతడు ఎక్కువ నేర్చుకొనుచున్నాడు?

అంగడి చేసిన మేలు

మొదట మేలు చెప్పవలెను. అంగడిని నిందించుట ప్రసంగపీఠమునకు సులభమైన పని. కాని నిజము చెప్పనిది నింద న్యాయము కాదు.

మన సంఘములలో చాలమంది తాతముత్తాతలు ఊరికి వెట్టి చేసినవారు. దొర పిలిచినప్పుడు పోవలెను. చెప్పులు కుట్టి ఇయ్యవలెను, మూటలు మోయవలెను, కబురు చేరవేయవలెను. కూలి అని అడుగు హక్కు లేదు. కళ్లములో గింజలు ఎన్ని రాలిన అన్నియే. 1946 నుండి 1951 వరకు తెలంగాణములో జరిగిన సాయుధ పోరాటమునకు ఈ వెట్టి ఒక ముఖ్య కారణము. అట్టి వారిలో ఒకడు పల్లె విడిచి సికింద్రాబాదు వచ్చి, లాలాగూడ రైల్వే కార్ఖానాలోనో దండు బజారులోనో పనికి కుదిరి, నెలాఖరున లెక్కపెట్టిన రూపాయలు చేతిలో పట్టుకొన్నప్పుడు అతనికి కలిగినది ధనాశ కాదు. నేనును మనిషినే అను తెలివి. రూపాయి కులము అడుగదు. వెట్టికి లేనిదియు జీతమునకు ఉన్నదియు ఒక్కటే: ఇష్టము లేనియెడల విడిచిపోవు స్వేచ్ఛ. దీనిని చిన్నచూపు చూచువాడు ఏనాడును వెట్టి చేసిన ఇంటివాడు కాడు.

అంగడి నేర్పు మంచి గుణములును కలవు. వేళకు వచ్చుట, తూనిక తప్పకుండుట, మాట నిలుపుకొనుట, పరాయివానితో కూడ మర్యాదగా మెలగుట. కొన్నేండ్ల క్రిందట హెన్రిక్ అను పండితుడును అతని సహచరులును లోకములోని 15 చిన్న సమాజములకు పోయి ఒక పరీక్ష చేసిరి. ఒకనికి కొంత సొమ్ము ఇచ్చి, ముఖ పరిచయము లేని మరియొకనితో పంచుకొమ్మని చెప్పిరి. అవతలివాడు ఒప్పుకొననియెడల ఇద్దరికిని ఏమియు దక్కదు. 2001లో వెల్లడియైన ఫలితము చాలమందిని ఆశ్చర్యపరచెను. సంతలతో ఎక్కువ సంబంధము గల సమాజములవారే ఎక్కువ సమముగా పంచిరి. కొత్తవానితో బేరమాడి అలవాటు లేనివారు తక్కువ ఇచ్చిరి. కాబట్టి అంగడి మనిషిని తప్పక స్వార్థపరునిగా చేయునని చెప్పుట సరికాదు.

అంగడి లేని కాలములో మనము పరిశుద్ధులమై యుంటిమని చెప్పుటయు సరికాదు. లైసెన్సుల కాలములో టెలిఫోనుకును స్కూటరుకును ఏండ్ల తరబడి కాచుకొనియుండిన పెద్దలు ఇంకను ఉన్నారు. ఆ కాలము నేర్పిన గుణములు సిఫారసు, లంచము, అధికారి ముందు చేతులు కట్టుకొనుట. అమ్మకము అప్పుడును జరిగినది. దొడ్డిదారిన జరిగినది, అంతే.

వెల వచ్చిన చోట బాధ్యత పోవుట

ఇంత మేలు చెప్పిన తరువాత కీడును కూడ అంతే స్పష్టముగా చెప్పవలెను. అంగడి తన చోట నున్నంతవరకు మంచి సేవకుడు. అది తన హద్దు దాటి, వెల లేనివాటికి వెల కట్టునప్పుడు ఏమి జరుగును?

ఇశ్రాయేలు దేశములోని హైఫా పట్టణములో పసిబిడ్డల బడులు పదింటిలో జరిగిన ఒక సంగతి చెప్పెదను. సాయంకాలము కొందరు తల్లిదండ్రులు బిడ్డలను తీసికొనిపోవుటకు ఆలస్యముగా వచ్చుచుండిరి. పంతులమ్మ కాచుకొని కూర్చుండవలసి వచ్చెడిది. నీజీ, రుస్టికినీ అను ఇద్దరు ఆర్థిక శాస్త్రజ్ఞులు ఆ బడులలో ఆరింట ఆలస్యమునకు చిన్న జుల్మానా పెట్టించిరి. ఆలస్యము తగ్గవలెను గదా! తగ్గలేదు, ఇంచుమించు రెట్టింపాయెను. కారణమేమి? అంతకుముందు ఆలస్యముగా వచ్చిన తల్లికి సిగ్గు వేసెడిది, పంతులమ్మను కష్టపెట్టితిననుకొనెడిది. జుల్మానా వచ్చిన తరువాత, డబ్బు కట్టుచున్నాను గదా అనుకొనెను. బాధ్యతగా ఉండినది కొనుగోలుగా మారెను. అంతకంటె విచారకరమైనది మరియొకటి: జుల్మానా తీసివేసిన తరువాతను పాత సిగ్గు తిరిగి రాలేదు. ఈ సంగతి 2000వ సంవత్సరమున ప్రచురింపబడెను. వెల ఒక్కసారి అడుగుపెట్టిన చోట బాధ్యత మరల మొలచుట కష్టమని దీనివలన తెలియుచున్నది.

దీనికి హైఫా వరకు పోనక్కరలేదు. మన భాషలో చేబదులు అను మాట ఉన్నది. పొరుగింటివారికి అవసరము వచ్చినప్పుడు కాగితము లేక, వడ్డీ లేక ఇచ్చి, వారికి వీలైనప్పుడు తిరిగి పుచ్చుకొనుట. ఈ మాట ఇంకను నిఘంటువులో ఉన్నది. మన వీధిలో ఎంత ఉన్నదో ఎవరికి వారు చూచుకొనవలెను. పేదలకు చిన్న అప్పులు ఇచ్చు పద్ధతి మంచి ఉద్దేశముతోనే పుట్టినది. బంగ్లాదేశములో యూనస్ గారు స్థాపించిన గ్రామీణ బ్యాంకుకు 2006లో నోబెలు శాంతి బహుమానము వచ్చెను. ఆస్తి లేని స్త్రీకి పొరుగు స్త్రీల నమ్మకమే హామీ. ఎంత మంచి తలంపు! కాని ఆ నమ్మకమునే మూలధనముగా చేసికొని లాభము కొరకు పరుగెత్తు కంపెనీలు మన రాష్ట్రమున పెరిగెను. ఒకే ఇంటికి మూడు నాలుగు కంపెనీల అప్పులు వచ్చెను. వారము కిస్తీ కట్టలేని స్త్రీ ఇంటిముందు కూర్చున్నది కంపెనీవాడు మాత్రమే కాదు, అదే గుంపులోని ఆమె అక్కచెల్లెండ్రు. హామీగా ఉండినవారు వసూలుదారులైరి. ఆత్మహత్యల వార్తలు వచ్చినమీదట 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు చేయవలసి వచ్చెను. ఆ స్త్రీలు చెడ్డవారు కారు. నిన్నటివరకు ఒకరి బిడ్డను మరియొకరు ఎత్తుకొనినవారే. వారి మధ్య ప్రవేశపెట్టబడిన లెక్క వారి చూపును మార్చెను. అంగడి గుణమును మార్చుట యనగా ఇదే.

మనిషికి కట్టబడిన వెల

రెండవ కీడు ఇంకను లోతైనది. వస్తువులకు వెల కట్టి కట్టి అలవాటైన కన్ను మనుష్యులను కూడ అట్లే చూచును. మనవాడు ఉస్మానియాలో చదువుచున్నాడని విన్నప్పుడు మునుపు పెద్దలు, ఏమి చదువుచున్నావు నాయనా, అని అడిగెడివారు. నేడు ఆ ప్రశ్నకు ముందే, ఎంత వచ్చును, అను ప్రశ్న వచ్చుచున్నది. చరిత్రయో తెలుగో తత్త్వశాస్త్రమో చదువుచున్నానని చెప్పు యువకుడు నేరము ఒప్పుకొనినట్లు తల దించుకొనుచున్నాడు. పోటీ పరీక్షల కొరకు తార్నాక ప్రక్కల చిన్న గదిలో నలుగురు కలిసి ఉండి, ఏండ్లకు ఏండ్లు గ్రంథాలయములో కూర్చుండువారిని గూర్చి ఆలోచింపుడి. ఉద్యోగము రానియెడల అతడు ఒక ఉద్యోగము పోగొట్టుకొనినట్లు తలంపడు. తానే పనికిరానివాడనని తలంచును. పండుగకు ఊరికి వచ్చుటకు వెనుకాడును. అతనికి ఈ లెక్క నేర్పినది ఎవరు? కోచింగు ప్రకటన మాత్రమేనా? లేక ఇంటిలో, సంఘములో, మన నోటితో మనమే నేర్పితిమా?

పెండ్లి సంబంధము మాటలాడునప్పుడు ఈ లెక్క దాగదు. వరకట్న నిషేధ చట్టము 1961లోనే వచ్చెను. అయినను వరుని చదువునకును జీతమునకును తగినట్లు కట్నము పెరుగుచున్నది. సాఫ్టువేరు వానికి ఒక ధర, ప్రభుత్వోద్యోగికి ఒక ధర, పై దేశములో ఉన్నవానికి ఇంకొక ధర. పిల్లను చదివించుటకు చేసిన ఖర్చు లెక్కలోనికి రాదు. మన దేవాలయములలో ప్రమాణములు చదువబడుటకు ముందు ఇంటి చావడిలో ఈ బేరము ముగిసియుండుట మనమందరము ఎరిగినదే. అంగడి రూపాయి కులము అడుగదని పైన చెప్పితిని. కాని అద్దె గది కొరకు పోయిన బిడ్డను, మీరేమిట్లు, అని అడుగు ఇల్లుగలవారు పట్టణమున కలరు. అనగా అంగడి మన పాత పాపములను కడుగలేదు, కొన్నిటికి క్రొత్త వెల మాత్రమే కట్టినది.

కంచె ఎక్కడ వేయవలెను?

తార్నాక అను పేరు తీగె కంచెయని అర్థమిచ్చు తార్, కావలి గుమ్మము అను అర్థమిచ్చు నాకా కలిసి వచ్చినదని పెద్దలు చెప్పుదురు. అంగడికిని ఒక నాకా కావలెను. ఇంతవరకు రావచ్చును, ఇటుపైన రాకూడదు అని చెప్పు కావలివాడు కావలెను. స్వేచ్ఛా విపణికి తండ్రియని పిలువబడు ఆడం స్మిత్ గారు గ్లాస్గో విశ్వవిద్యాలయమున నీతిశాస్త్ర ఆచార్యులుగా ఉండినవారు. 1776లో దేశముల సంపదను గూర్చి వ్రాయుటకు ముందే, 1759లో మానవుల నైతిక భావములను గూర్చి ఒక పెద్ద గ్రంథము వ్రాసిరి. ఇతరుని సుఖదుఃఖములు మన హృదయమును తాకుననియు, మన నడతను తీర్పు తీర్చు సాక్షి మనలోనే ఉన్నాడనియు వారు బోధించిరి. శిష్యులమని చెప్పుకొనువారు రెండవ పుస్తకమును చేతపట్టుకొని మొదటిదానిని మరచిరి.

కంచె సరియైన చోట ఉన్నప్పుడు అంగడి ఎంత మేలు చేయునో తార్నాకలోనే చూడవచ్చును. ఎయిడ్సు రోగమునకు జిడోవుడిన్ అను మందు విదేశములలో అత్యధిక ధరకు అమ్మబడుచుండిన దినములలో, రసాయన సాంకేతిక సంస్థ డైరెక్టరుగా ఉండిన ఎ.వి. రామారావుగారును వారి సహచరులును దానిని మన దేశములోనే చేయు విధానమును కనుగొనిరి. సిప్లా కంపెనీ 1990ల మొదటి భాగములో దానిని తయారుచేసి అమ్మెను. 2001 ఫిబ్రవరిలో అదే కంపెనీ, మూడు మందుల చికిత్సను ఒక రోగికి సంవత్సరమునకు 350 డాలర్లకే ఇచ్చెదమని లోకమునకు చెప్పెను. అంతవరకు ధనిక దేశములలో దాని వెల 10,000 డాలర్లకు పైమాటయే. ఇది పోటీ చేసిన మేలు కాదా? నిశ్చయముగా అవును. కాని ఆ పోటీ ఊరక రాలేదు. మందుకు గాక తయారుచేయు విధానమునకు మాత్రమే పేటెంటు ఇచ్చు 1970 నాటి చట్టము ఉండెను. ప్రజల సొమ్ముతో నడుచు పరిశోధనాలయము ఉండెను. 2005 జనవరి 1 నుండి మందులకే పేటెంటు ఇచ్చు పద్ధతి తిరిగి వచ్చెను గనుక ఆ కంచె ఇప్పుడు అదే చోట లేదు. అంగడి మంచిదా చెడ్డదా అను ప్రశ్నకంటె, కంచె ఎవరి మేలు కొరకు ఎక్కడ వేయబడినది అను ప్రశ్న ముఖ్యమని దీనివలన తెలిసికొనుడి.

కంచె చట్టములో మాత్రమే కాదు, మనిషిలోను ఉండవలెను. దీనికి మన తెలుగు సంఘ చరిత్రలోనే సాక్ష్యమున్నది. 1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమును గొప్ప కరువు పీడించెను. ఒంగోలులో ఉండిన జాన్ క్లౌ దొరగారు అప్పుడు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్లు త్రవ్వించు కంట్రాక్టు తీసికొనిరి. ఆకలితో ఉన్నవారికి పని దొరకవలెననియు, కూలి వారి చేతికే అందవలెననియు వారి తలంపు. కంట్రాక్టు, కొలత, కూలి అన్నియు అంగడి పనులే. వాటిని చేయుటకు ఆయన సందేహింపలేదు. అయితే ఆ దినములలో వందలకొలది జనులు వచ్చి బాప్తిస్మమిమ్మని అడిగినప్పుడు మాత్రము ఆయన ఇయ్యలేదు. అన్నము కొరకు ఎవరును విశ్వాసమును కొనకూడదనియు, అన్నముతో తాము ఎవరి విశ్వాసమును కొనకూడదనియు ఆయన నిశ్చయము. కరువు పని ముగిసి, ఇచ్చుటకు ఇక ఏమియు లేదని జనులు ఎరిగిన తరువాత, 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఎక్కడ బేరమాడవలెనో, ఎక్కడ బేరమాడకూడదో ఎరిగిన మనిషి ఎట్లుండునో చూడుడి. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములో గారడీవాడైన సీమోను డబ్బు చూపి దేవుని వరమును అడిగినప్పుడు పేతురు వేసిన కంచెయు ఇదియే.

సంతవీధిలోనికి వచ్చిన యజమానుడు

ఇప్పుడు మత్తయి సువార్త 20వ అధ్యాయమును తెరచి చూతము. ద్రాక్షతోట యజమానుడు కూలివారి కొరకు సంతవీధికి వచ్చెను. మన పట్టణములలో కూలీల అడ్డా ఎరిగినవారికి ఈ ఉపమానము సులభముగా బోధపడును. తెల్లవారకమునుపే తాపీ, పార, తట్ట పట్టుకొని వచ్చి నిలుచుందురు. బలిష్ఠులు మొదట పిలువబడుదురు. పొద్దెక్కినకొలది మిగిలినవారు వృద్ధులు, నీరసులు, స్త్రీలు. సాయంకాలము వరకు నిలుచున్నవారు సోమరులు కారు. ఎవరును పిలువలేదని వారే చెప్పిరి. అంగడి వారిని వద్దనెను.

ఆ యజమానుడు మొదట వచ్చినవారికి ఒప్పుకొనిన కూలిని పూర్తిగా ఇచ్చెను. బేరము తప్పలేదు. అంగడి న్యాయమును ఆయన కొట్టివేయలేదు. కాని కడపటివానికిని అదే దేనారము ఇచ్చెను. ఏలయనగా ఒక దేనారము ఒక దినపు కుటుంబ పోషణ. గంటసేపు పనిచేసినవాని ఇంటిలో బిడ్డల ఆకలి గంటసేపటి ఆకలి కాదు. అంగడి పనికి వెల కట్టును. ఆయన పనివానిని చూచెను. మొదటివారు సణుగుకొనిరి. వారికి తక్కువ వచ్చినందుకు కాదు, మరియొకనికి సమానముగా వచ్చినందుకు. పోటీ మనిషిలో పెంచు గుణము ఈ సణుగుడే. నాకు చాలినది వచ్చినను, పొరుగువానికి నాతో సమముగా వచ్చినయెడల నాకు నష్టమైనట్లు తోచును.

మోషే ధర్మశాస్త్రములో ఇంకొక ఏర్పాటు ఉన్నది. కోతకోయువాడు పొలము అంచుల వరకు కోయకూడదు, రాలిన వెన్నులను ఏరుకొనకూడదు. అవి బీదలకును పరదేశులకును విడువవలెను. పరిగె ఏరుకొనుట మన పల్లెలకు తెలిసిన మాటయే. పొలము యజమానునిదే, పంట అతనిదే. అయినను అంచులు అతనివి కావు. అంగడి చెప్పునది, నీది ఒక్క గింజయు విడువకుమని. దేవుని ధర్మము చెప్పునది, నీదైనదంతయు కోసికొనకుమని. రూతు ఆ అంచులలోనే బ్రదికెను.

మనము చేయగలిగినది

అయ్యగారూ, ఇవన్నియు వినుటకు బాగుగానే ఉన్నవి, ఫీజు కట్టకపోయిన సీటు ఎవరిత్తురు, అని యువకులు అడుగుదురు. ప్రశ్న న్యాయమైనది. అంగడినుండి పారిపొమ్మని నేను చెప్పుట లేదు. పారిపోవుటకు చోటును లేదు. జాన్ వెస్లీ గారు తమ ప్రజలకు న్యాయముగా సంపాదించుటయు, పొదుపు చేయుటయు, ఇచ్చుటయు ఈ మూడును కలిపి నేర్పిరి. మొదటి రెండును చేసి మూడవది మానినవాని ఆత్మకు ఆ ధనమే ఉరియగునని వారు భయపడిరి. ఆ వరుసలోనే నాలుగు చిన్న సంగతులు మనవి చేయుచున్నాను.

మొదటిది, కూలి. మన ఇంట, మన పొలమున పనిచేసినవానికి ఆ సాయంకాలమే కూలి ఇయ్యవలెను. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము ప్రొద్దు క్రుంకకముందే ఇయ్యుమని చెప్పుచున్నది. ఆదివారమున మనము విశ్రమించి మన ఇంటి పనిమనిషిని పిలిపించుట విశ్రాంతి కాదు.

రెండవది, అంచులు. జీతము వచ్చువాడు తన రాబడికి ఒక అంచు, విద్యార్థి తన కాలమునకు ఒక అంచు విడువవలెను. ఉస్మానియాలో చదువుచున్న మన బిడ్డ సెలవులకు వచ్చినప్పుడు దినమునకు ఒక గంట పల్లె పిల్లలకు లెక్కలో ఇంగ్లీషో చెప్పినయెడల అది అతని పరిగె. దానికి ఫీజు వద్దు. అతడు చదివిన చదువులో ప్రజల సొమ్ము ఉన్నది.

మూడవది, చేబదులు. ప్రతి సంఘములోను పదిమంది కుటుంబీకులు కూడి, వడ్డీ లేని చిన్న నిధి ఒకటి పెట్టుకొనుట కష్టము కాదు. ఆసుపత్రికి పోవలసివచ్చిన రాత్రి ఒక విశ్వాసి వడ్డీవానియొద్దకు పోయినయెడల, ఆ సంగతి అతనికంటె సంఘమునకు ఎక్కువ సిగ్గు.

నాలుగవది, మాట. బిడ్డలను ఎంత వచ్చుచున్నదని అడుగుటకు ముందు ఎట్లున్నావని అడుగుదము. ఉద్యోగము రాని యువకునికి సంఘములో ఒక పనియు ఒక పీటయు ఉండవలెను. పెండ్లి మాటలలో ధర వినబడినప్పుడు పెద్దలు లేచి వచ్చివేయవలెను. ఒక్క ఇంటివారు లేచినను రెండవ ఇంటివారికి ధైర్యము వచ్చును.

అంగడి మనకు కొలత నేర్పెను. దానికి కృతజ్ఞులమై యుందము. కాని కొలువరానివి కొన్ని కలవు. తల్లి ప్రేమ, స్నేహితుని మాట, దేవుని కృప, ప్రతి మనుష్యునిలో ఆయన ఉంచిన స్వరూపము అట్టివి. వీటిని త్రాసులో వేయు దినమున చెడునది అవి కావు, వేయువాని చెయ్యియే.

ఈ మాసమున కుటుంబ ప్రార్థనలలో ఆలోచించుటకు మూడు ప్రశ్నలు: గత సంవత్సరములో మన ఇంటిలో లెక్క చూడక చేసిన మేలు ఏమైన ఉన్నదా? మునుపు స్నేహము వలన చేసి, నేడు డబ్బు పుచ్చుకొని మాత్రమే చేయుచున్నది ఏది? మన పొలమునకు, మన జీతమునకు, మన కాలమునకు విడిచిన అంచు ఎక్కడ ఉన్నది? మూడవ ప్రశ్నకు జవాబు చెప్పునప్పుడు బిడ్డలను కూడ కూర్చుండబెట్టుకొనుడి. వారు అంగడి నేర్పునది దినదినము వినుచున్నారు. ఇంటి జవాబును కూడ విననియ్యుడి.